సాయంత్రానికి చీర కుచ్చిళ్ళు వదులు చేసుకోవలసి వస్తోంది, ఇది వయసు వల్లేనా?

లెక్కల_టీచరమ్మ
వయసు 49. ఉండేది ఎంవీపీ కాలనీలో, బడి మధురవాడ దాటాక. పొద్దున కట్టుకున్న చీర నాలుగో పీరియడుకల్లా నడుము దగ్గర బిగుసుకుపోతుంది. నేను చెప్పేది బడిలో పీరియడు సంగతి. రెండోది, అంటే నెలసరి, వచ్చి ఐదు నెలలయింది.

ఇంటికి చేరేసరికి కడుపు తబలాలా ఉంటుంది, వేలితో కొడితే మోగుతుంది. పడుకుని లేస్తే మళ్ళీ మామూలే. ఎనిమిది నెలలుగా ఇదే వరస. ఒక డాక్టరుగారు చూసి "ఈ వయసులో ఇవన్నీ మామూలేనమ్మా" అని పరగడుపున వేసుకునే గ్యాసు మాత్ర రాశారు. నాలుగు నెలలుగా మింగుతున్నాను. పుల్లటి తేన్పులు తగ్గాయి, ఉబ్బరం మాత్రం కదలలేదు. మా ఆయన పప్పు మానేయమంటారు, మా అత్తగారు కాఫీ మానేయమంటారు, మా అమ్మాయి ఫోను మానేయమంటుంది. అసలు ఇది ముట్లుడిగే కాలంలో అందరికీ వచ్చేదేనా? మీలో ఎవరికైనా ఉందా? ఏం చేశారు?

రైతుబజారు_రాణి
నాకు 51. అచ్చంగా ఇదే. నేను చీరలు మానేసి నాడా కట్టుకునే చుడీదార్లకు మారిపోయాను. వైద్యమంటే ఇంతవరకు అదొక్కటే చేసుకున్నాను.

భీమిలి_బామ్మ
మా రోజుల్లో దీనికి ఇంత చర్చ లేదు తల్లీ. ముట్లుడిగే ముందు రెండు మూడేళ్ళు ఒంట్లో వాతం చేస్తుందనేవారు. చెంచాడు వాము దోరగా వేయించి, ఉప్పురాయి వేసి నూరి, వేడి అన్నంలో నెయ్యితో మొదటి ముద్ద అదే తినేవాళ్ళం. రాత్రి ఏడింటికల్లా భోజనాలు అయిపోయేవి. ఇప్పుడు పదింటికి తిని పదిన్నరకు పడుకుంటున్నారు. కడుపు మోగక ఏం చేస్తుంది?

లెక్కల_టీచరమ్మ
బామ్మగారూ, నేను తొమ్మిదింటికి తింటాను. పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో పది.

భీమిలి_బామ్మ
అదే చెప్పాను.

ఉక్కునగరం_వదిన
విశాఖలో మనకు ఇంకో చిక్కు. ఒళ్ళంతా ఒక్కసారి చెమట పట్టినప్పుడు అది హార్మోన్ల ఆవిరా, సముద్రపు ఉక్కపోతా అని తేల్చుకోవడానికి నాకు ఒక వేసవి పూర్తిగా పట్టింది. అదే ఫ్యాను కింద కూర్చున్న మిగతావాళ్ళ ముఖాలు చూసేదాన్ని. వాళ్ళు పొడిగా ఉంటే నాది హార్మోన్లు.

ఉబ్బరం విషయానికొస్తే, నా కడుపును నేనే చెడగొట్టుకున్నాను. ఈ వయసులో పీచు తినాలని ఎక్కడో చదివి, ఒకే వారంలో పొద్దున ఓట్లు, పదింటికి పచ్చి మొలకలు, మజ్జిగలో అవిసె పొడి, రాత్రి చోడి అంబలి, ఆదివారం మీల్‌మేకర్ కూర మొదలుపెట్టాను. పదో రోజుకు మా అబ్బాయి "అమ్మా, నీ కడుపులో గోళీసోడా కొట్టు పెట్టావా" అన్నాడు. అన్నీ ఆపి, మొదట చోడి అంబలి ఒక్కటే, అదీ అర గ్లాసు, పది రోజులకు ఇంకో అర గ్లాసు. మొలకలు ఇప్పుడు ఉడికించి పోపు వేసుకుంటున్నాను. పీచు మంచిదే కానీ నెమ్మదిగా పెంచుకోవాలి, నీళ్ళు కూడా దానితోపాటు పెరగాలి.

వార్డు_అక్క
ఇరవై రెండేళ్ళు నర్సుగా పనిచేశాను. డాక్టరును కాను, ఆ సంగతి గుర్తుపెట్టుకుని చదవండి.

ముందుగా ఒక మాట. వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతేనే మెనోపాజ్ వచ్చినట్టు. మన దేశంలో సగటున 46, 47 ఏళ్ళకు వస్తుంది. టీచరమ్మ ఇంకా దారిలో ఉన్నారు. ఈ దారే ఎగుడుదిగుడు. కొన్ని నెలలు అండం విడుదల కాదు, ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఒకరోజు ఎక్కువ, ఇంకో రోజు తక్కువ. ఎక్కువైనప్పుడు ఒంట్లో నీరు నిలుస్తుంది. పేగుల గోడలకు కూడా ఈ హార్మోన్లను గుర్తుపట్టే గ్రాహకాలు ఉన్నాయి కాబట్టి కదలిక మారుతుంది. తిన్నది పేగులో ఎక్కువసేపు నిలిస్తే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని తీరిగ్గా పులియబెట్టి గ్యాసు తయారుచేస్తాయి. అందువల్ల రాణిగారికీ టీచరమ్మకూ ఒకేలా ఉండటంలో వింత లేదు.

కానీ "వయసు" అనే మాట ఒక పెద్ద గోనెసంచి. ఈ ఈడులో ఆడవాళ్ళకు ఏది వచ్చినా అందులో పడేస్తారు. టీచరమ్మా, నాలుగు సంగతులు చెప్పండి. విరేచనం రోజూ అవుతోందా? ఆకలి, బరువు ఎలా ఉన్నాయి? కడుపు తగ్గకుండా వరుసగా కొన్ని రోజులు అలాగే ఉంటోందా, లేక రోజూ పొద్దున తగ్గిపోతోందా? అన్నిటికన్నా ముఖ్యంగా, గ్యాసు మాత్ర కాకుండా ఇంకా ఏమేం మాత్రలు వేసుకుంటున్నారు, ఏ వేళకు?

గాజువాక_బావగారు
మా ఆవిడ తరఫున రాస్తున్నాను, ఆమెకు టైపు చేయడం విసుగు. వయసు 52, షుగరు ఉంది. మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టాక కడుపులో గుడగుడలు, ఉబ్బరం. మేమూ వయసనే అనుకున్నాం. డాక్టరుగారు నెమ్మదిగా కరిగే రకం రాసి, భోజనంతోపాటు వేసుకోమన్నాక చాలా తగ్గింది. వార్డు అక్క చెప్పినట్టు మాత్రల సంగతి చూసుకోండి.

ఇంకో సందేహం. సాయంత్రం నాకూ కడుపు ఉబ్బుతోంది. నాకు కూడా మెనోపాజేనా?

రైతుబజారు_రాణి
బావగారూ, సాయంత్రం బీచి రోడ్డులో ఆగి ఏం తింటారు?

గాజువాక_బావగారు
మిరపకాయ బజ్జీలు. ఒక్కోసారి మురీ మిక్చరు, ఉల్లిపాయ ఎక్కువ వేయించుకుని.

రైతుబజారు_రాణి
మీది బజ్జీపాజ్. మందు లేదు.

లెక్కల_టీచరమ్మ
వార్డు అక్కా, సిగ్గుపడకుండా చెబుతున్నాను. విరేచనం రోజు విడిచి రోజు, అదీ బలవంతం మీద. ఆకలి బాగానే ఉంది. బరువు రెండు కిలోలు పెరిగాను. కడుపు పొద్దుటికి తగ్గిపోతుంది.

మాత్రలు: తెల్లవారి ఐదున్నరకు థైరాయిడ్ మాత్ర, ఆరేళ్ళుగా. గ్యాసు మాత్ర కూడా పరగడుపునే అన్నారు కదా, అదీ దాంతోనే. ఐదూ ముప్పై ఐదుకు కాఫీ, అది లేకపోతే నేను మనిషిని కాను. ఆరున్నరకు టిఫిను, వెంటనే కాల్షియం. మోకాళ్ళ నొప్పులని దాన్ని మొదలుపెట్టి తొమ్మిది నెలలయింది. ఏడుంపావుకు బస్సు. అన్నీ పొద్దునే అయిపోతే మరిచిపోనని అలా పెట్టుకున్నాను.

మందుల_కొట్టు_సందు
ద్వారకానగర్‌లో కొట్టు నడుపుతాను. మూడు రోజులుగా ఈ చర్చ చదువుతూ ఊరుకున్నాను, ఈ టైంటేబులు చూశాక ఊరుకోలేకపోయాను.

టీచరమ్మగారూ, కాల్షియం పేగులో థైరాయిడ్ మాత్రను పట్టేసుకుంటుంది. రెండింటి మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి. ఐరన్ మాత్రకూ అదే లెక్క. మీకు ఉన్నది ఒక్క గంట. కాఫీ కూడా థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది, దానికీ అరగంట నుంచి గంట ఎడం కావాలి. మీరు ఇస్తున్నది ఐదు నిమిషాలు. మూడోది, గ్యాసు మాత్ర కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది. ఆమ్లం తగ్గితే థైరాయిడ్ మాత్ర సరిగా ఒంటికి పట్టదు. మీ కాల్షియం కార్బొనేట్ రకమైతే అదీ సరిగా పట్టదు. పైగా కార్బొనేట్ రకం చాలామందికి మలబద్ధకం, గ్యాసు తెస్తుంది.

అంటే మీరు ఆరేళ్ళుగా వేసుకుంటున్న మాత్ర తొమ్మిది నెలలుగా ఒంటికి సరిగా అందకపోయి ఉండవచ్చు. థైరాయిడ్ తక్కువైతే పేగులు మందగిస్తాయి, మలబద్ధకం, ఉబ్బరం, బరువు పెరగడం. ఉబ్బరం ఎనిమిది నెలలుగా అన్నారు. కాల్షియం తొమ్మిది నెలలుగా. లెక్కల టీచరు మీరే, తీసివేత మీరే చేయండి.

ఏ మాత్రా మీ అంతట మీరు ఆపవద్దు. టీఎస్‌హెచ్ రక్తపరీక్ష (థైరాయిడ్ తక్కువైతే ఆ అంకె పెరుగుతుంది) చేయించుకుని, ఈ టైంటేబులు కాగితం మీద రాసుకుని డాక్టరుగారికి చూపించండి.

లెక్కల_టీచరమ్మ
నాకు చెమటలు పడుతున్నాయి. ఇది ఉక్కపోత కాదు. టీఎస్‌హెచ్ చూసుకుని ఏడాదిన్నర అయింది.

ఉక్కునగరం_వదిన
నాలుగు నెలల క్రితం ఎవరూ ఈ ప్రశ్న అడగలేదా?

లెక్కల_టీచరమ్మ
అడగలేదు. నేనూ చెప్పలేదు వదినా. థైరాయిడ్ మాత్ర అంటే నాకు మందులా కాకుండా పళ్ళు తోముకోవడంలా అయిపోయింది. "ఏమైనా మందులు వాడుతున్నారా" అంటే "లేదండీ" అనేశాను.

అల_వెనుక_అల
ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. కారణం దొరికిందని అందరూ సంబరపడుతున్నారు, అది నిజమే కావచ్చు. కానీ మా అక్కకు 53 ఏళ్ళప్పుడు ఇలాగే ఉబ్బరమని ఆరు నెలలు గ్యాసు మాత్రలు మింగింది. రెండు ముద్దలు తింటే కడుపు నిండినట్టుండేది. మాటిమాటికీ మూత్రానికి వెళ్ళేది. ఇంట్లో అందరం వయసు అన్నాం, నేను కూడా అన్నాను. కడుపు స్కాను తీసేసరికి అండాశయంలో గడ్డ, కడుపులో నీరు. ఆపరేషను, కీమో అయ్యాయి. మూడేళ్ళయింది, బాగానే ఉంది. కానీ ఆ ఆరు నెలలు నేను మరిచిపోలేను. టీచరమ్మా, ఒక్క స్కాను తీయించుకోండి.

సీతమ్మధార_శాంతం
ఉబ్బరం అని అడిగితే క్యాన్సర్ దాకా తీసుకుపోయారు. ఇలాంటివి చదివి రాత్రంతా నిద్రపోనివాళ్ళు ఉంటారు, నాలాంటివాళ్ళు. కాస్త ఆలోచించి రాయండి.

అల_వెనుక_అల
ఆలోచించే రాశాను అని మొదటి వాక్యంలోనే చెప్పాను.

వార్డు_అక్క
ఇద్దరి మాటా వినాలి. ఉబ్బరంతో వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి అది క్యాన్సర్ కాదు. శాంతంగారు నిద్రపోవచ్చు. అయితే అండాశయ క్యాన్సర్ మొదట్లో చాటుగా ఉంటుంది, అది చూపించే కొద్ది గుర్తుల్లో ఉబ్బరం ఒకటి. బ్రిటన్‌లో డాక్టర్లకు మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2011లోనే ఈ సంగతి చెప్పింది. ఉబ్బరం, కొంచెం తినగానే కడుపు నిండటం, పొత్తికడుపు నొప్పి, మూత్రం తొందర, ఇవి నెలకు 12 సార్లకు పైగా వస్తుంటే, ముఖ్యంగా 50 దాటినవారికి, పరీక్షలు చేయాలని. ఐబీఎస్ అనే పేగు సమస్య ఆ వయసులో కొత్తగా మొదలవడం అరుదు కాబట్టి, 50 దాటాక మొదటిసారి అలాంటి లక్షణాలు వస్తే దాన్ని ఐబీఎస్ అని సరిపెట్టవద్దని కూడా.

ఆ 2011 మార్గదర్శకం ప్రకారం మొదట సీఏ 125 అనే రక్తపరీక్ష చేసి, అది 35 గానీ అంతకు మించి గానీ ఉంటే స్కాను తీయాలి. ఆ సంఖ్య ఒక్కటే పట్టుకుని ఏడవకూడదు, నవ్వకూడదు. గర్భసంచిలో గడ్డలున్నా, నెలసరి రోజుల్లోనూ పెరగవచ్చు. జబ్బు మొదటి దశలో మామూలుగా ఉండనూవచ్చు. మన దగ్గర స్కాను తీయించడం కష్టమేమీ కాదు.

టీచరమ్మకు పొద్దుటికి తగ్గుతోంది, ఆకలి ఉంది, అది కొంత ధైర్యం. తగ్గకుండా నిలిచిపోయే ఉబ్బరం, కారణం లేకుండా బరువు తగ్గడం, మలంలో రక్తం, ఏడాది ఆగిపోయాక మళ్ళీ కనిపించే నెత్తురు, వీటిలో ఏది ఉన్నా మాత్రం ఇక్కడ మమ్మల్ని అడుగుతూ కూర్చోవద్దు.

సీతమ్మధార_శాంతం
సరే. అల గారూ, కోపంగా రాశాను. మీ అక్క బాగున్నందుకు సంతోషం.

అల_వెనుక_అల
ఫరవాలేదండీ. మా అక్క కూడా నన్ను తిట్టింది, తన కథ ఇక్కడ రాశానని.

కైలాసగిరి_మెట్లు
పొట్ట కనిపించకూడదని రోజంతా లోపలికి బిగబట్టి నిలబడేవాళ్ళు ఒకసారి గమనించుకోండి. నాకు ఫిజియోథెరపీలో నేర్పారు: వెల్లకిలా పడుకుని, బొడ్డు మీద చెయ్యి పెట్టి, ముక్కుతో పీల్చి నోటితో నెమ్మదిగా వదలడం, భోజనం తర్వాత పది నిమిషాల నడక. పేగులో గాలి అంతే ఉన్నా, పొట్ట కండరాలు వదులై పైన ఉదరవితానం (ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండే కండరం) కిందికి నొక్కితే కడుపు ముందుకు వస్తుందట. నాకు సగానికి సగం తగ్గింది.

ఆనపకాయ_పులుసు
తిండి సంగతి ఎవరూ తేల్చలేదు. పప్పు మానేయాలా వద్దా?

ఉక్కునగరం_వదిన
మానవద్దు. ఈ వయసులో కండ తగ్గుతుంది, పప్పు కూడా మానేస్తే ఎలా? కందిపప్పు రెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో మెత్తగా ఉడికించండి. గ్యాసు పుట్టించే చక్కెరలు కొన్ని ఆ నీళ్ళతో పోతాయి. నాకు పెసరపప్పు ఇంకా తేలిక. శనగలు, రాజ్మా మాత్రం పండగకే.

మందుల_కొట్టు_సందు
అసలు దొంగ చాలాసార్లు పప్పు కాదు, ఉల్లి వెల్లుల్లి. వాటిలోని ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు మన పేగులో అరగవు. మెల్‌బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయం వాళ్ళు తయారుచేసిన ఫాడ్‌మ్యాప్ పట్టీలో (పేగులో సరిగా అరగక గ్యాసు తెచ్చే తిళ్ళ జాబితా) ఇవి పైవరసలో ఉంటాయి, గోధుమ, పాలు కూడా ఉంటాయి. రెండు నుంచి ఆరు వారాలు ఆపి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి తిని చూసుకోవాలి. జీవితాంతం మానేయడం ఆ పద్ధతి కాదు, చాలామంది అక్కడే పొరపడతారు.

వంటింటి కిటుకు ఒకటి: ఫ్రక్టాన్లు నీళ్ళలో కరుగుతాయి, నూనెలో కరగవు. వెల్లుల్లి రెబ్బలు నూనెలో వేయించి తీసి పారేస్తే వాసన ఉంటుంది, బాధ ఉండదు. పులుసులో వేసి తీసేస్తే లాభం లేదు.

భీమిలి_బామ్మ
ఏకాదశికి ఉల్లి వెల్లుల్లి ఎందుకు మానేవాళ్ళమో మెల్‌బోర్న్ వాళ్ళు వచ్చి చెప్పాలా? ఇంగువ వేయండి. ఉల్లి లేని లోటు తెలియదు.

మందుల_కొట్టు_సందు
బామ్మగారి ఇంగువకు నా ఓటు. కానీ కొట్లో దొరికే ఇంగువ పొడిలో సాధారణంగా మైదా కలుస్తుంది, గోధుమ అసలే పడనివాళ్ళు డబ్బా మీద చదువుకోండి.

కొత్త_జీవితం_పొడి
అక్కలారా, మా పొడి 21 రోజులు తాగితే కడుపు పూర్తిగా శుభ్రమై హార్మోన్లు సమంగా అవుతాయి. వివరాలకు విడిగా అడగండి.

రైతుబజారు_రాణి
అందులో సునాముఖి ఉందా?

కొత్త_జీవితం_పొడి
అన్నీ ప్రకృతి సిద్ధమైనవేనండీ.

రైతుబజారు_రాణి
గన్నేరు పప్పు కూడా ప్రకృతి సిద్ధమే. సునాముఖి నాలుగు రోజులకైతే సరే. రోజూ తాగి తాగి, అది లేకపోతే కదలని స్థితికి వచ్చిన తోడికోడలు నాకు ఉంది. ఇక్కడ అమ్మకాలు వద్దు.

వార్డు_అక్క
టీచరమ్మా, అడగడం మరిచాను. బడిలో నీళ్ళు తాగుతారా?

లెక్కల_టీచరమ్మ
ఎలా కనిపెట్టారు? తాగను. మరుగుదొడ్డి పిల్లలకూ మాకూ కలిపి ఒకటే, తలుపు గడియ పడదు. పొద్దున ఏడు నుంచి నాలుగున్నర దాకా అర గ్లాసు. పొద్దున వెళ్ళాలనిపించినా బస్సు తప్పిపోతుందని ఆపుకుంటాను.

వార్డు_అక్క
మా వార్డుకు వచ్చిన టీచర్లు, బస్సు కండక్టర్లు, బట్టల కొట్లలో నిలబడే అమ్మాయిలు, అందరిదీ ఇదే కథ. దీనికి ఏ హార్మోనూ అక్కరలేదు.

లెక్కల_టీచరమ్మ
ఫలితాలు చెబుతానన్నాను కదా. స్కాను మామూలుగా ఉంది. అల గారూ, గర్భసంచిలో చిన్న గడ్డ ఒకటి ఉందట, ఏమీ చేయక్కరలేదన్నారు. స్కాను గది బయట కూర్చున్న ఆ అరగంట మీ అక్క గురించే ఆలోచించాను.

టీఎస్‌హెచ్ 11.2. పోయినసారి 3 లోపు ఉండేది. ఈసారి వేరే డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళి, టైంటేబులు కాగితం ముందే చేతికిచ్చాను. ఆవిడ చదివి, పెన్ను తీసుకుని బాణాలు గీశారు. థైరాయిడ్ మోతాదు పెంచలేదు. "ముందు ఉన్నదాన్ని ఒంటికి పట్టనిద్దాం" అన్నారు. థైరాయిడ్ మాత్ర ఐదుకు, ఒట్టి నీళ్ళతో. కాఫీ ఆరుకు. కాల్షియం సిట్రేట్ రకానికి మార్చి రాత్రి భోజనం తర్వాత పెట్టారు. గ్యాసు మాత్ర ఒక్కసారిగా ఆపితే మంట తిరగబడుతుందని రోజు విడిచి రోజుగా తగ్గిస్తున్నారు. ఎనిమిది వారాల తర్వాత మళ్ళీ పరీక్ష.

ఆ కాఫీ లేని గంట ఉంది చూశారూ! ఇంట్లో ఉంటే డబ్బా వైపు చూపు పోతోందని ఆర్కే బీచికి వెళ్ళిపోతున్నాను. తెల్లవారుజామున అక్కడ బండ్లు ఆపేస్తారు కదా, రోడ్డంతా నడిచేవాళ్ళదే.

ఉక్కునగరం_వదిన
ఎనిమిది వారాలకు తప్పకుండా రాయండి. చాలామంది మందు దొరకగానే మాయమైపోతారు.

లెక్కల_టీచరమ్మ
వదినా, మాయం కాలేదు. టీఎస్‌హెచ్ 4.6. ఇంకా దిగాలన్నారు. విరేచనం దాదాపు రోజూ. వారంలో ఆరు రోజులు ఉండే ఉబ్బరం రెండు రోజులకు వచ్చింది. ఆ రెండు రోజులు ఏమిటో చిన్న పుస్తకంలో రాసుకున్నాను: ఆదివారం కోడికూర, అంటే ఉల్లిముద్ద, ఇంకా బడిలో ఎవరిదైనా పుట్టినరోజు. నెలసరి ఏడు నెలల తర్వాత ఒకసారి వచ్చింది, ఆ వారం మాత్రం కడుపు మళ్ళీ తబలానే. అది వయసు ఖాతాలో రాశాను.

మరుగుదొడ్డి గడియ నేనే కొని వేయించాను. నూట ఎనభై రూపాయలు.

రైతుబజారు_రాణి
నేనూ టీఎస్‌హెచ్ చేయించుకున్నాను, మామూలుగా ఉంది. పాలు ఆపి చూస్తే తేలింది, నాకు పాలే పడటం లేదు. పెరుగు పడుతోంది. చుడీదార్లు మాత్రం వదలను, అలవాటైపోయాయి.

భీమిలి_బామ్మ
టీచరమ్మా, కాఫీ లేని ఆ గంటలో నాలుగు వాము గింజలు నమలవచ్చు కదా.

మందుల_కొట్టు_సందు
బామ్మగారూ, ఆ గంటలో ఒట్టి నీళ్ళు తప్ప ఏమీ వద్దు.

భీమిలి_బామ్మ
సరే, ఆరూ ఒకటికి నమలమను.